పైదవడకు కట్టుడు పండ్లు: ఎవరికేది తగును?

పైదవడ పండ్లన్నియు కోల్పోయిన పెద్దలు లేని గ్రామమరుదు. జువ్వలదిన్నె మొదలు మైపాడు వరకు గల మన నెల్లూరు తీరమున కూడ ఇంతియే. పట్టణమునకు పోయి ఇంప్లాంట్లు వేయించుకొనుటకై పొలము తాకట్టు పెట్టవలెనా యని యొక వృద్ధుడడిగినచో పంచాయతీ సభ్యుడేమి చెప్పవలెను? ఆ సమాధానమునకు తోడ్పడు సంగతులను ఇచట వివరించుచున్నాము.

ఇంప్లాంటు అనగా దవడ యెముకలో బిగించెడి చిన్న టైటానియం మరమేకు. స్వీడను దేశపు ఆచార్య బ్రోనెమార్క్ 1965లో తొలిసారిగా ఒక రోగికి దీనిని అమర్చెను. ఎముక దీనితో గట్టిగా కలిసిపోవుటకు కొన్ని నెలలు పట్టును. పిమ్మట దీనిపై పండ్లను నిలుపుదురు.

పైదవడ యెముక క్రిందిదానికంటె మెత్తనిది. పండ్లు పోయిన పిదప క్రమముగా తరిగిపోవును. వెనుకభాగమున దానిపైన సైనస్ అనెడి గాలిగది యున్నది. అందుచే తీసి పెట్టుకొను సెట్టుకు క్రిందిదవడలో రెండు ఇంప్లాంట్లు చాలినను, పైదవడకు సాధారణముగా నాలుగైనను కావలెను.

మార్గములు మూడు కలవు.

మొదటిది, సాధారణ పళ్ళసెట్టు. కోత లేదు, ఖర్చు తక్కువ. ఇది అంగిలి నంతయు కప్పి దానినే పట్టుకొని యుండును. క్రిందిసెట్టుకంటె పైసెట్టు బాగుగా నిలుచును. అయితే అంగిలి మూతపడుటచే చేపల పులుసులోని ముల్లు సులభముగా తెలియదు. ఎముక తరిగినకొలది సెట్టు వదులగును.

రెండవది, ఇంప్లాంట్లపై తగులుకొనెడి సెట్టు. అంగిలి భాగమును చాలవరకు తీసివేయవచ్చును. లోనికి పోయిన పెదవికి ఊత నిచ్చును. రాత్రి తీసి కడుగుకొనవచ్చును. పట్టునిచ్చు భాగములు అరుగును గనుక అప్పుడప్పుడు మార్పించవలెను.

మూడవది, స్థిరముగా బిగించెడి వరుస. నాలుగు మొదలు ఎనిమిది వరకు ఇంప్లాంట్లు కావలెను. స్వంత పండ్లవలె తోచును. కాని ఖర్చు మిక్కిలి యెక్కువ. ఎముక చాలనిచో దానిని పెంచు చికిత్స కూడ అవసరము కావచ్చును. చిగురు వద్ద ప్రతిదినము చిన్న బ్రష్షుతో శుభ్రపరచవలెను. చేతులు వణకువారికిది కష్టము. శుభ్రత లేనిచో చిగురు వాచి, చీము పట్టి, ఎముక కరగి ఇంప్లాంటే ఊడిపోవచ్చును.

కావున ఖరీదైనదే మేలైనదని తలచరాదు. ముందుగా మంచి సాధారణ సెట్టు కట్టించి చూచుట యుక్తము. అది చక్కగా నిలిచిన అప్పు అవసరమే లేదు. నిలువకున్నను వృథా కాదు. పండ్లు ఎచట నుండవలెనో, పెదవికి ఎంత ఊత కావలెనో వైద్యునకు దానివలననే తెలియును.

ఇంప్లాంట్లకు పూనుకొనువారు ఈ సంగతులను వ్రాతమూలకముగా తెలిసికొనవలెను: ఎముక చాలునా? ఇంప్లాంట్లెన్ని? పండ్లు తీయునవా, బిగించునవా? మొత్తము ఖర్చెంత? ఇంప్లాంటు నిలువనిచో ఆ ఖర్చెవరిది? చుట్ట, బీడీ త్రాగువారికిని, మధుమేహము అదుపులో లేనివారికిని ఇంప్లాంట్లు విఫలమగు భయము హెచ్చు.

నెల్లూరులో నారాయణ దంతవైద్య కళాశాలయు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలును కలవు. పొలము పత్రము చేయి దాటకముందే మరియొక వైద్యుని యభిప్రాయము కూడ పొందవలెనని సభ్యులు తమ గ్రామస్థులకు నచ్చజెప్పుదురు గాక.