పనికిరావని తీసిపారేసిన అవయవాలు

రొమ్ము ఎముక వెనుక, గుండెకు కాస్త పైన థైమస్ అనే మెత్తని గ్రంథి ఉంటుంది. పసితనంలో పెద్దగా ఉండి, యుక్తవయసు దాటాక కుంచించుకుపోతూ చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. 1960 దాకా వైద్యలోకం దానికి చెప్పుకోదగ్గ పనేమీ లేదనే అనుకుంది. ఎదిగిన జంతువులో దాన్ని కోసి తీసేసినా ఏ తేడా కనిపించలేదన్నదే అందుకు చూపిన రుజువు. రోగనిరోధక శక్తి చరిత్ర అనగానే మనకు జెన్నర్, పాశ్చర్ గుర్తొస్తారు. టీకాతో రోగాన్ని ఆపవచ్చని నేర్పిన వాళ్ల ఘనతకు తిరుగులేదు. కానీ ఆ శక్తి ఒంట్లో ఎక్కడ పుడుతుందో, ఎవరి పని ఏమిటో తెలిసింది మాత్రం ఎవరూ లెక్కచేయని అవయవాల నుంచే. పని కనిపించకపోవడాన్ని పని లేకపోవడంగా పొరబడినంత కాలం ఈ శాస్త్రం ఆగిపోయింది. ఏ వయసులో వెతకాలో తెలిశాకే ముందుకు కదిలింది.

ఆ పొరపాటు పుస్తకాలకే పరిమితమై ఉంటే ఇంత బాధపడక్కర్లేదు. ఒకప్పుడు శవపరీక్షకు వచ్చినవి ఎక్కువగా దీర్ఘరోగాలతో, తిండిలేమితో చనిపోయిన పేదల దేహాలు. రోగం, పస్తులు థైమస్‌ను చిక్కిపోయేలా చేస్తాయి. ఆ చిక్కిన పరిమాణమే సహజమని వైద్యులు నమ్మారు. దాంతో ఆరోగ్యంగా ఉంటూ హఠాత్తుగా చనిపోయిన శిశువులో మామూలు థైమస్ కూడా వాళ్ల కంటికి వాచినట్టు కనిపించింది, అదే ఊపిరి ఆడకుండా చేసి చంపిందన్న సిద్ధాంతం పుట్టింది. 20వ శతాబ్దం తొలి సగంలో అమెరికాలో వేలాది పసిపిల్లలకు ఆ గ్రంథిని కుదించేందుకు ఎక్స్‌రే చికిత్స చేశారు. అలా రేడియేషన్ పడ్డవాళ్లలో థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందన్న సంగతి 1950 నుంచి బయటపడుతూ వచ్చింది. లేని జబ్బుకు చేసిన వైద్యం నిజమైన జబ్బును తెచ్చిపెట్టింది.

దారి మొదట తెరుచుకున్నది కోడిపిల్లలో. పక్షుల పేగు చివర, మలద్వారం దగ్గర చిన్న సంచిలాంటి అవయవం ఉంటుంది. ఇటలీలోని పాడువాలో బోధించిన ఫాబ్రిషియస్ రాసిన దాని వర్ణన ఆయన మరణానంతరం 1621లో అచ్చయింది. అందుకే అది ఫాబ్రిషియస్ బర్సా అయింది. తర్వాత మూడు శతాబ్దాలకు పైగా దాని పనేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. 1950లలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి బ్రూస్ గ్లిక్ ఆ సంచి ఎప్పుడు పెరుగుతుందో కొలిచి చూశాడు. పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చిన తొలి వారాల్లోనే అది వేగంగా పెరుగుతోంది. అందుకని ఆ వయసులోనే దాన్ని తీసేసి చూశాడు. అలా బర్సా తీసేసిన కోళ్లను అతని సహవిద్యార్థి తిమోతీ చాంగ్ తరగతిలో యాంటీబాడీలు ఎలా తయారవుతాయో చూపించడానికి వాడుకున్నాడు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా పదార్థాన్ని ఎక్కించినా వాటిలో యాంటీబాడీలు పుట్టలేదు. వాళ్ల వ్యాసాన్ని ప్రఖ్యాత పత్రిక ‘సైన్స్’ తిప్పిపంపింది. 1956లో అది ‘పౌల్ట్రీ సైన్స్’లో వచ్చింది, రోగనిరోధక శాస్త్రవేత్తలు కొన్నేళ్లపాటు దాని వంక చూడలేదు. ఈ బర్సా విలువ మన కోళ్ల రైతులకు అనుభవంలో ఉన్నదే. గంబోరో వైరస్ దాడిచేసేది సరిగ్గా దానిమీదే. పిల్లప్రాయంలో గంబోరో సోకి బతికిన కోడికి తర్వాత కొక్కెర తెగులు టీకా వేసినా సరిగా పట్టకపోవడానికి కారణం అదే.

థైమస్ గుట్టు 1961లో లండన్‌లో విప్పినవాడు జాక్ మిల్లర్. ఎలుకల్లో వైరస్ వల్ల వచ్చే ల్యుకేమియా మీద పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో థైమస్ తీసేశాడు. పాలు మానే వయసు దాకా అవి బాగానే ఉన్నాయి, తర్వాత చిక్కిపోయి చనిపోసాగాయి. వాటిలో లింఫోసైట్లనే తెల్లకణాలు బాగా తగ్గిపోయాయి. వేరే జాతి ఎలుక చర్మం అతికించినా వాటి ఒళ్లు దాన్ని తిరస్కరించలేదు. ఆ ఎలుకలు శుభ్రతలేని చోట పెరిగి ఏదో అంటువ్యాధితో నీరసించాయే తప్ప థైమస్‌కు సంబంధం లేదని కొందరు వాదించారు. సహేతుకమైన సందేహమే. మిల్లర్ అమెరికా వెళ్లి, సూక్ష్మజీవులే లేని గదుల్లో పెంచిన ఎలుకల్లో అదే ప్రయోగం చేశాడు. అక్కడ అవి చిక్కిపోలేదు, కానీ పరాయి చర్మాన్ని మాత్రం తిరస్కరించలేకపోయాయి. రోగనిరోధక పరిశోధనకే నోబెల్ అందుకున్న పీటర్ మెదావర్ అంతటివాడు కూడా, థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పరిణామక్రమంలో జరిగిన యాదృచ్ఛికమేనన్న అభిప్రాయాన్ని 1963లోనూ వదల్లేదు.

తర్వాతి అడుగులు వేగంగా పడ్డాయి. మిన్నెసోటాలో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ 1965లో కోళ్లలో ఒకసారి బర్సాను, ఒకసారి థైమస్‌ను తొలగించి, రెండూ వేర్వేరు దళాలను తయారుచేస్తాయని తేల్చారు. యాంటీబాడీలిచ్చే దళం బి కణాలు, థైమస్‌లో శిక్షణ పొందేవి టి కణాలు అయ్యాయి. మనుషుల్లో బర్సా లేదు, ఆ పని ఎముక మజ్జ చేస్తుంది. ఈ రెండు దళాలూ కలిసి పనిచేస్తాయని 1968లో మెల్‌బోర్న్‌లో మిల్లర్, గ్రాహం మిచెల్ చూపించారు. 1980లలో ఎయిడ్స్ ఏ కణాలను తినేస్తోందో అంత త్వరగా అర్థమైందంటే ఈ విభజన ముందే తెలిసి ఉండటం వల్లనే.

ఇదంతా అదృష్టం కదా, ఒకడు ల్యుకేమియా కోసం వెతికాడు, ఇంకొకడు తరగతికి కోళ్లు అడిగాడు అని ఎవరైనా అనవచ్చు. అదృష్టం ఉంది. కానీ థైమస్‌ను అంతకుముందు కూడా ఎందరో కోసి చూశారు, ఎదిగిన జంతువులో కోశారు కనుక వాళ్లకు ఏమీ దొరకలేదు. వయసే కీలకమనడానికి మరో గట్టి సాక్ష్యం జపాన్‌లో ఉంది. 1969లో నిషిజుకా, సకకురా అనే పరిశోధకులు ఎలుకలకు పుట్టిన మూడో రోజున థైమస్ తీసేస్తే వాటి అండాశయాలు పాడయ్యాయి. పుట్టిన వెంటనే తీస్తే రక్షణ పోతుంది, మూడు రోజులకు తీస్తే ఆ రక్షణ సొంత ఒంటిమీదే తిరగబడుతుంది. తోటి కణాలను అదుపులో ఉంచే ప్రత్యేక టి కణాలు ఉన్నాయని, అవి ఆలస్యంగా బయటికొస్తాయని భావించిన షిమోన్ సకగుచి ఆ దారినే వెళ్లి, 1995లో వాటిని గుర్తుపట్టాడు. ఆ పనికి 2025లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు.

మరి పెద్దయ్యాక థైమస్ నిజంగానే అక్కర్లేదా? శిశువుల గుండె ఆపరేషన్లలోనూ, పెద్దల ఛాతీ ఆపరేషన్లలోనూ అడ్డుగా ఉందని దాన్ని తీసేయడం మామూలే. 2023లో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, థైమస్ తీసేసిన పెద్దల్లో ఐదేళ్లకు 8.1 శాతం మంది చనిపోగా, గ్రంథిని ఉంచి అలాంటి ఆపరేషనే చేయించుకున్నవాళ్లలో 2.8 శాతమే చనిపోయారు. క్యాన్సర్ ముప్పు కూడా తొలి గుంపులోనే ఎక్కువ. ఇది పాత రికార్డులను పోల్చిన లెక్క. గ్రంథి తీయాల్సి వచ్చినవాళ్లు ముందే ఎక్కువ జబ్బుతో ఉండవచ్చు కనుక కారణం ఇదేనని తీర్పు చెప్పడం తొందరపాటు. అయితే, ప్రాణానికి అవసరమైతే తప్ప ఆ గ్రంథిని తీయవద్దని, తీసినా కొంత ముక్కయినా మిగల్చాలని సర్జన్లను అడగడానికి ఈ మాత్రం అనుమానం చాలు.