వాడి పారేసిన మాస్కు చివరికి ఎటు చేరుతుంది?

భిలాయి: 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో దశ ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాను అతలాకుతలం చేసింది. ఆ నెల 6 నుంచి జిల్లాలో లాక్‌డౌన్ అమలైంది. భిలాయి ఉక్కు కర్మాగారం ఆసుపత్రులకు ద్రవ ఆక్సిజన్ పంపింది. ఉక్కునగరం సెక్టార్-9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి రోగులకు చికిత్స అందించింది. దేశమంతటా సాగిన ఆ పోరాటం వెనుక మరో భారం పేరుకుపోయింది. అదే ఒక్కసారి వాడి పారేసే రక్షణ సామగ్రి.

చూపునకు వస్త్రంలా ఉన్నా సర్జికల్ మాస్కు ప్రధానంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. పీపీఈ దుస్తుల్లోనూ అదే ఎక్కువ. నైట్రైల్ చేతి తొడుగులు కృత్రిమ రబ్బరుతో తయారవుతాయి. ఇవి మట్టిలో కలిసిపోవు; ఎండకు, వానకు పెళుసుబారి సూక్ష్మ తంతువులుగా విడిపోతాయి. ఒక్క మాస్కు నుంచి రోజుకు 1,73,000 వరకు ఇలాంటి తంతువులు నీటిలోకి విడుదల కాగలవని ఇటలీ పరిశోధకులు 2021లో అంచనా వేశారు. దుర్గ్ పక్కగా పారే శివనాథ్ మహానదిలోనూ, మహానది బంగాళాఖాతంలోనూ కలుస్తాయి. కాబట్టి కాలువలో పడిన మాస్కు ఆ ఊరి సమస్యగానే మిగలదు.

2021 మే నెలలో దేశంలో కొవిడ్ జీవవైద్య వ్యర్థాలు రోజుకు సగటున 200 టన్నులు దాటాయి. 2020 మార్చి నుంచి 2021 నవంబరు వరకు ఐక్యరాజ్యసమితి ద్వారా దేశాలకు చేరిన సుమారు 87,000 టన్నుల రక్షణ సామగ్రిలో అధిక భాగం వ్యర్థంగా మారి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

ఆసుపత్రుల్లో రోగులకు సేవలందించేటప్పుడు కలుషితమైన మాస్కులు, గౌన్లను పసుపు సంచుల్లో వేసి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం దహన యంత్రం మొదటి గదిలో కనీసం 800 డిగ్రీలు, రెండో గదిలో సుమారు 1,050 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత ఉండాలి. ఆ వేడి లేకుండా ఆరుబయట తగలబెడితే మసి, విషవాయువులు వెలువడతాయి. వాటిలో పీవీసీ వంటి క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ కలిస్తే క్యాన్సర్ కారకమైన డయాక్సిన్లు పుడతాయి.

ఇళ్లలో వాడిన మాస్కుల విషయంలోనే గొలుసు తెగింది. కొవిడ్ రోగులు లేని ఇళ్లలోనూ వాటిని కాగితపు సంచిలో కనీసం 72 గంటలు ఉంచి, కత్తిరించి, పొడి చెత్తలో వేయాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సూచించింది. అలా చేయకపోతే తడి చెత్తలో చిక్కుకున్న మాస్కును చేతితో వేరుచేయాల్సింది పారిశుద్ధ్య కార్మికులే. ఇతరుల రక్షణకు వాడిన వస్తువు వారి ఆరోగ్యానికే ముప్పవుతుంది.

పరిష్కారానికి ఉక్కు పరిశ్రమలోనే ఒక ఉదాహరణ ఉంది. జపాన్‌లో 1996 నుంచి వ్యర్థ ప్లాస్టిక్‌ను బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌కు కొంతమేర ప్రత్యామ్నాయంగా వాడుతున్నారు. అయితే ముందుగా వేరుచేసి, శుద్ధిచేసిన ప్లాస్టిక్‌కే అది సాధ్యం. రోగకారక వ్యర్థాలకు నిర్దేశిత మార్గమే శరణ్యం. ఉతికి మళ్లీ వాడదగిన గౌన్లు, అవసరం మేరకే తొడుగుల వాడకం ఈ భారాన్ని మొదట్లోనే తగ్గిస్తాయి. ఏ మార్గం ఎంచుకున్నా వ్యర్థం పుట్టిన చోటే దాన్ని వేరుచేయడం తొలి మెట్టు.