పేరు నిమ్మ... లోపల గంజాయి

సెలవులు మొదలైతే దోహాలోని తెలుగు ఇళ్లకు చుట్టాల తాకిడి ఎక్కువవుతుంది. అమెరికా, కెనడా నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లలో చాలామంది ఇక్కడి హమద్ విమానాశ్రయంలోనే విమానం మారతారు. కొందరు రెండు రోజులు ఆగి మనల్ని చూసి వెళతారు. టొరంటోలో చదువుకుంటున్న మా అక్క కొడుకు ఈమధ్య ఫోన్ చేసి, "మామయ్యా, లెమన్ హేజ్ గమ్మీలు తెచ్చుకోవచ్చా? ఇక్కడ షాపుల్లోనే అమ్ముతారు" అన్నాడు. అవి ఏ గమ్మీలో అర్థమై వద్దని గట్టిగా చెప్పాను. వాడు అడిగాడు కాబట్టి సరిపోయింది. అడగని పిల్లల సంగతే ఆలోచించాలి.

నిమ్మ, నారింజ వాసన వచ్చే గంజాయి రకాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది సూపర్ లెమన్ హేజ్. లెమన్ స్కంక్, సూపర్ సిల్వర్ హేజ్ అనే రెండు రకాలను కలిపి ఆమ్‌స్టర్‌డామ్‌లోని గ్రీన్ హౌస్ అనే విత్తనాల కంపెనీ తయారు చేసిన హైబ్రిడ్ ఇది. 2008, 2009లలో వరుసగా అక్కడి కెనబిస్ కప్ పోటీ గెలిచింది. మన మన్యంలో పండే ఒక రకానికి 'శీలావతి' అని పతివ్రత పేరు పెట్టారు. అక్కడ నిమ్మకాయ పేరు పెట్టారు, అంతే తేడా!

ఆ వాసనకు కారణం లిమోనీన్ అనే పదార్థం. నిమ్మ, నారింజ తొక్క గిల్లితే చేతికి అంటే నూనెలో ఎక్కువగా ఉండేది ఇదే. దాంతో మత్తు రాదు. మత్తెక్కించేది టీహెచ్‌సీ. అమెరికాలో 1995లో పట్టుబడిన గంజాయిలో అది సగటున 4 శాతం ఉండేది. ఇలాంటి హైబ్రిడ్లలో 20 శాతం దరిదాపుల్లో ఉంటోంది. కాబట్టి వాసన కమ్మగా ఉంది, ఇది తేలిక రకం అనుకోవడం పొరపాటు. గమ్మీలతో ఇంకో చిక్కుంది. వాటి నిమ్మ రుచి మామూలు మిఠాయి ఫ్లేవర్ కూడా కావచ్చు. బ్యాగు సర్దే అమ్మకు గంజాయి వాసనే తగలదు. తిన్నాక మత్తు తెలియడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఈలోగా ఏమీ కాలేదని ఇంకోటి నోట్లో వేసుకుంటారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే చాక్లెట్ అనుకుని తినేస్తారు.

కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్లకు గంజాయి చట్టబద్ధం. అయితే దాన్ని దేశం దాటించడం ఆ దేశ చట్టం ప్రకారం కూడా నేరమే. ఈ మాట మనవాళ్లకు పెద్దగా తెలియదు. ఇక ఖతార్‌లో 1987 నాటి 9వ నంబరు మాదకద్రవ్యాల చట్టం అమల్లో ఉంది. కెనడా డాక్టరు రాసిచ్చిన చీటీ ఇక్కడ గంజాయికి అనుమతి పత్రం కాదు.

ముంబై దంపతుల కేసు గుర్తుండే ఉంటుంది. 2019 జులైలో ఓ బంధువు బహుమతిగా పంపిన యాత్ర కోసం దోహా వచ్చారు. ఆ బంధువే ఇచ్చిన ప్యాకెట్‌లో 4 కిలోలకు పైగా హషీష్ దొరికింది. ఇద్దరికీ పదేళ్ల జైలు, చెరో 3 లక్షల రియాళ్ల జరిమానా పడ్డాయి. అప్పటికే గర్భవతి అయిన ఆమె జైల్లోనే పాపను కన్నది. అక్కడ మన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో దర్యాప్తు చేసి వాళ్ల ప్రమేయం లేదని తేల్చాక, 2021లో కోర్టు నిర్దోషులుగా వదిలింది. తప్పు చేయనివాళ్లు బయటపడటానికే దాదాపు 21 నెలలు పట్టింది. తెలిసి తెచ్చినవాళ్లు ఏం చెప్పుకోగలరు?

"మేం బయటికే రాం, ట్రాన్సిట్టే కదా" అంటారు కొందరు. విమానం మారేటప్పుడు కూడా చేతి బ్యాగు మళ్లీ స్కానింగ్‌కు వెళుతుంది. బయలుదేరే ముందే పిల్లల బ్యాగుల్లో గమ్మీలు, చాక్లెట్లు, వేప్ పెన్నులు ఉంటే ప్యాకెట్ తిప్పి చదవండి. కెనడా సరుకైతే ఎర్రటి అష్టభుజిలో ఆకు బొమ్మ, కింద టీహెచ్‌సీ అన్న అక్షరాలు ఉంటాయి. అమెరికాలో రాష్ట్రానికో గుర్తు. పేరులో లెమన్, టాంజీ, హేజ్, కుష్ లాంటి మాటలు కనిపిస్తే అనుమానించాల్సిందే. పాతికేళ్ల పిల్లల బ్యాగు వెతకడం ఇబ్బందే. అందుకే వెతకడం కంటే ముందే ఫోన్‌లో నోరు తెరిచి అడగడం మేలని నా అభిప్రాయం.

దోహా దాటితే గండం గడిచినట్టు కాదు. శంషాబాద్‌లో మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఎదురవుతుంది. బ్యాంకాక్ నుంచి వచ్చే హైడ్రోపోనిక్ గంజాయిని పదేపదే పట్టుకున్న అధికారులు అక్కడ ఉన్నారు. వాళ్లకు ఈ ప్యాకెట్లు కొత్తేమీ కాదు.