కారు హీటర్ నుంచి చల్లగాలి వస్తోందా? ముందు కూలెంట్ చూడండి

పుదుచ్చేరిలోని మేట్టుపాళయంలో కారు హీటర్‌తో ఎవరికీ పెద్దగా పని పడదు. సముద్రతీర పట్టణం కావడంతో జనవరి రాత్రుల్లోనూ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటుగానే ఉంటుంది. ఏసీ పనిచేస్తే చాలు. అదే కారులో చలికాలంలో ఊటీకి బయలుదేరితే సంగతి వేరు. నీలగిరి కొండల దిగువన ఇదే పేరుతో మరో ఊరు ఉంది. ఆ మేట్టుపాళయం దాటి ఘాట్ రోడ్డెక్కి సుమారు 2,240 మీటర్ల ఎత్తుకు చేరితే, తెల్లవారుజామున గడ్డిపై మంచు పేరుకునేంత చలి ఉంటుంది. ఏడాదిగా ముట్టుకోని హీటర్ నాబ్‌ను అప్పుడు తిప్పితే చల్లగాలే రావచ్చు. ఇది చలితో పోయే ఇబ్బంది కాకపోవచ్చు. ఇంజిన్‌కే ముప్పు పొంచి ఉందనడానికి ఇది తొలి సూచన కావచ్చు.

వేడి ఎక్కడిది?

పెట్రోలు, డీజిల్ కార్లలో హీటర్ వేడిని కొత్తగా పుట్టించదు. ఇంధనం మండినప్పుడు వచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు మాత్రమే బండిని నడుపుతుంది. మిగిలినదాంట్లో కొంత పొగతో పాటు బయటకు పోతుంది, కొంత కూలెంట్‌లోకి చేరుతుంది. నీరు, ఇథిలీన్ గ్లైకాల్ కలిసిన ద్రవమే కూలెంట్. ఇందులో కొంత భాగం డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ గుండా ప్రవహిస్తుంది. దాని మీదుగా బ్లోయర్ గాలిని ఊదితే క్యాబిన్ వెచ్చబడుతుంది.

లోపాన్ని పట్టేదెలా?

ఈ దారిలో వేడి ఎక్కడ ఆగిపోయిందో వెతకడమే పరీక్ష.

• గాలే రాకపోతే ఫ్యూజ్ లేదా బ్లోయర్ మోటార్‌లో లోపం ఉండవచ్చు.

• చాలాసేపు నడిపినా ఇంజిన్ ఉష్ణోగ్రత ముల్లు పైకి రాకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అనుమానించాలి. ఇది సాధారణంగా 80–90 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి.

• బండి ఆగి ఉన్నప్పుడు చల్లగాలి, ఇంజిన్ వేగం పెంచితే వేడిగాలి వస్తుంటే కూలెంట్ తగ్గి ఉండవచ్చు లేదా పైపుల్లో గాలి చిక్కుకుని ఉండవచ్చు.

• హీటర్‌కు వెళ్లే రెండు గొట్టాల్లో ఒకటి వేడిగా, మరొకటి చల్లగా ఉంటే హీటర్ కోర్ పూడుకుపోయి ఉండవచ్చు. కొన్ని కార్లలో ఉండే వాల్వ్ మూసుకుపోయినా ఇలాగే జరుగుతుంది. రెండూ వేడిగానే ఉండి చల్లగాలి వస్తుంటే, చల్లని, వేడి గాలులను కలిపే లోపలి తలుపు కదలడం లేదన్నమాట.

• తియ్యటి వాసన, అద్దంపై జిడ్డు పొర, కాళ్ల దగ్గర తడి కనిపిస్తే హీటర్ కోర్ కారుతోంది. ఇథిలీన్ గ్లైకాల్ విషం. పిల్లలు, పెంపుడు జంతువులు దాని జోలికి పోకుండా చూడాలి.

కొండ మీద ఎక్కువ జాగ్రత్త

ఊటీ ఎత్తులో వాతావరణ పీడనం తక్కువ కాబట్టి మామూలు నీరు సుమారు 92 డిగ్రీలకే మరుగుతుంది. కూలెంట్ అలా మరగకుండా కాపాడేది అందులోని గ్లైకాల్, లోపలి పీడనాన్ని నిలిపి ఉంచే మూత. మూత బలహీనపడినా, కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోసినా ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కిపోయే ప్రమాదం పెరుగుతుంది. పైగా ఉష్ణోగ్రత సెన్సర్ ద్రవంలో మునిగి ఉంటేనే సరిగ్గా చూపుతుంది. కూలెంట్ బాగా తగ్గితే ముల్లు మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు మనకు చెప్పేది హీటర్ నుంచి వచ్చే చల్లగాలే.

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతను తెరవకూడదు. పీడనం ఒక్కసారిగా తగ్గి, ద్రవం మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. పూర్తిగా చల్లారాక కూలెంట్ ట్యాంకుపై ఉన్న కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య మట్టం ఉందో లేదో చూడాలి. ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ తిరగవచ్చు కాబట్టి చేతులు దూరంగా ఉంచాలి.

తీరంలో ఉండేవారు కూడా నెలకోసారి కొద్ది నిమిషాలు హీటర్ వేసి చూడటం మంచిది. ఘాట్ ఎక్కాక బయటపడే లోపాన్ని ఇంటి ముందే పట్టుకోవచ్చు.