చేప చిరునామా దాని పొట్టలోనే

కెనడాలో టొరంటోకు ఉత్తరాన ఉన్న సిమ్‌కో సరస్సు విస్తీర్ణం 700 చదరపు కిలోమీటర్లకు పైనే. నడి చలికాలంలో గడ్డకట్టిన ఆ నీటి మీద జనం నడిచివెళ్లి, జానెడు వెడల్పు కన్నం తొలిచి, అందులోంచి గాలం దించుతారు. వాళ్లు కోరుకునే చేపల్లో ఎల్లో పెర్చ్ ఒకటి. బంగారు రంగు ఒంటి మీద నిలువుగా ముదురు చారలు, గుంపుగా తిరిగే అలవాటు దీని గుర్తులు. పడవ ఉంటే చేప వెంట తిరగొచ్చు, మంచు మీద మాత్రం ప్రతి కన్నానికీ చెమటోడ్చాలి. అందుకే లోతుల పటం తెరిచి, నీటి అడుగున మిట్టలు, వాలులు, రాళ్ల దిబ్బలు, నాచు అంచులు ఎక్కడున్నాయో చూసుకోమంటారు. సలహా మంచిదే. కాకపోతే మిట్ట ఉన్నంత మాత్రాన పెర్చ్ ఉండదు, ఆ మిట్ట దగ్గర ఆ రోజుల్లో తిండి దొరకాలి.

ఈ తిండి చలికాలమంతా ఒకేచోట ఉండదు. మంచు కొత్తగా కట్టినప్పుడు ఒడ్డు దగ్గరి నాచు ఇంకా పచ్చగానే ఉంటుంది. అందులో పురుగులూ చిట్టి చేపలూ దాక్కుంటాయి కాబట్టి పెర్చ్ కూడా అక్కడే మసలుతుంది. పైన హిమం పేరుకుని వెలుతురు తగ్గాక నాచు చచ్చి కుళ్లుతుంది, ఆ కుళ్లు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అప్పుడు గుంపులు లోతుకు జరుగుతాయి. అక్కడి మెత్తని బురదలో మిడ్జ్ ఈగల ఎర్ర పురుగులుంటాయి. వాటి ఎరుపుకు కారణం హిమోగ్లోబిన్. ఆక్సిజన్ తక్కువైన బురదలోనూ అవి బతకగలిగేది దానివల్లే. చలికాలం చివర్లో పెర్చ్ మళ్లీ లోతు తక్కువ నీటివైపు కదులుతుంది, మంచు కరిగాక గుడ్లు పెట్టేది అక్కడే.

నడి చలికాలంలో పెర్చ్ చదునైన బురద మైదానాల్లో తిరుగుతుంటే ఇక మిట్టలతో పనేమిటని అడగొచ్చు. తిరుగుతుందన్నది నిజమే. కానీ గట్టినేల ముగిసి బురద మొదలయ్యే గీత కూడా ఒక అంచే. వాలు పాదం దగ్గర రెండు రకాల నేలల తిండీ పక్కపక్కనే దొరుకుతుంది. ఇక రెండో ప్రశ్న: సోనార్ చేతిలో ఉండగా ఇంత ఆలోచన దేనికి? సోనార్ చూపేది కన్నం కిందనున్న నీటినే. దాని కిరణం 20 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందనుకుంటే, 10 మీటర్ల లోతున కనబడేది మూడున్నర మీటర్ల వెడల్పున్న గుండ్రటి ముక్క. అంత పెద్ద సరస్సులో ఆ ముక్క ఎక్కడ ఉండాలో పరికరం చెప్పదు, మనమే తేల్చుకోవాలి.

తేల్చుకునే పద్ధతి కష్టమేమీ కాదు. మిట్ట నెత్తి నుంచి వాలు మీదుగా బురద దాకా వరుసగా కన్నాలు తొలిచి, ఒక్కోదాంట్లో కాసేపే గాలం ఆడించి చూడాలి. ఎరను అడుగుకు తాటిస్తే చిన్న బురద మబ్బు లేస్తుంది. పురుగు కదిలిందనుకుని పెర్చ్ దగ్గరికొస్తుంది. కంటితో చూసి తినే చేప గనుక ఇదంతా పగటిపూట పనే. వండుకోవడానికి ఉంచుకున్న మొదటి చేప పొట్ట కోసి చూస్తే చాలు: ఎర్ర పురుగులుంటే బురదవైపు, చిట్టి చేపలుంటే అవి దాక్కునే నాచువైపో రాళ్లవైపో తర్వాతి కన్నం తొలవాలి. బాగా లోతు నుంచి వేగంగా పైకి లాగిన పెర్చ్‌కు లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది, తిరిగి వదిలినా బతకడం కష్టం. కాబట్టి అక్కడ తినేటన్ని పట్టుకుని ఆపేయడమే న్యాయం. దాని ఆకలిని ఆనవాలుగా వాడుకున్నవాళ్లం, మన ఆకలికీ ఒక హద్దు గీసుకోవాలి.