మంచు ఉపగ్రహాల బిలాలు, గోదావరి లోయ శిలలు: శాస్త్రంలో నామకరణ పద్ధతి

వ్యాససంగ్రహం

సౌరకుటుంబపు వెలుపలి భాగంలోని మంచు ఉపగ్రహాలపై తాకిడి బిలాలు ఎలా ఏర్పడతాయో, వాటికి ఏ నియమాల ప్రకారం పేర్లు పెడతారో ఈ వ్యాసం వివరిస్తుంది. రామగుండం, గోదావరిఖని బొగ్గుగనులున్న ప్రాణహిత-గోదావరి లోయలో శిలాసముదాయాలకు పేర్లు వచ్చిన తీరుతో ఆ పద్ధతిని పోలుస్తుంది. శాస్త్రంలో ఒక పేరు నిలవడానికి గౌరవభావం కంటే అవసరం, అచ్చయిన ఆధారం, ఆమోదం అనే మూడు అంశాలే కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తాకిడి బిలాలు, మంచు ఉపగ్రహాలు, నామకరణం, ప్రాణహిత-గోదావరి లోయ, గోండ్వానా, పురాణ నామాలు.

1. ఉపోద్ఘాతం

గోదావరిఖని అనే ఊరిపేరులో నది, గని రెండూ ఉన్నాయి. సింగరేణి ప్రాంతమంతటా ఇటువంటి ‘ఖని’ పేర్లు వినిపిస్తాయి: కాకతీయ ఖని, రవీంద్ర ఖని, పద్మావతి ఖని, వెంకటేశ్ ఖని. వాడుకలో ఇవి జీడీకే, కేటీకే, ఆర్కే, పీవీకే, వీకే అనే పొడి అక్షరాలుగా మారి, పక్కన ఒక అంకెను చేర్చుకుంటాయి. ఇవి సంస్థ పాలనకు, కార్మికుల రోజువారీ వ్యవహారానికి పుట్టిన పేర్లు. గని మూతపడితే కాగితాల్లో పేరు అవసరం తీరిపోతుంది, కార్మిక కుటుంబాల జ్ఞాపకంలో మాత్రం మిగులుతుంది.

ఇదే లోయలో మరో రకం పేర్లు కూడా ఉన్నాయి. కోట, మలేరి, ధర్మారం, ఎర్రపల్లి అనే పల్లెల పేర్లను ప్రపంచంలో ఎక్కడి భూవిజ్ఞాని అయినా శిలాసముదాయాల పేర్లుగా గుర్తుపడతాడు. ఒక చిన్న ఊరిపేరు ఇంత దూరం ఎలా వెళ్తుంది? కోట్ల కిలోమీటర్ల అవతల, మనిషి అడుగుపెట్టని మంచునేలపై ఉన్న గుంటకు పేరు ఎలా వస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకే తీరుగా ఉంటుంది.

2. మంచుపై బిలం ఏర్పడే తీరు

బృహస్పతి, శని, యురేనస్, నెప్ట్యూన్‌ల ఉపగ్రహాల్లో అనేకం ఉపరితలంపై ప్రధానంగా నీటిమంచుతో ఉన్నవే. యూరోపా మధ్యరేఖ వద్ద ఉష్ణోగ్రత సుమారు -160 డిగ్రీల సెల్సియస్. అంత చలిలో మంచు రాతిలా గట్టిపడుతుంది. సెకనుకు అనేక కిలోమీటర్ల వేగంతో వచ్చే తోకచుక్క గానీ గ్రహశకలం గానీ దాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే ఆఘాత తరంగాలు మంచును నొక్కి, కొంత కరిగించి, కొంత ఆవిరి చేసి, మిగిలినదాన్ని చుట్టూ వెదజల్లుతాయి. చిన్న తాకిడితో గిన్నెలాంటి గుంట ఏర్పడుతుంది. పెద్ద తాకిడిలో అడుగుభాగం తిరిగి పైకి లేచి నడుమ శిఖరంగా నిలుస్తుంది. గానిమీడ్, కాలిస్టోల పెద్ద బిలాల్లో శిఖరానికి బదులు నడుమ మరో గుంట కనిపించడం సాధారణం.

తాకిడి తీవ్రతను కొన్ని కొలతలు చెబుతాయి. శని ఉపగ్రహం మిమాస్ వ్యాసం సుమారు 396 కి.మీ. దానిపై ఉన్న హెర్షెల్ బిలం వెడల్పు ఉపగ్రహ వ్యాసంలో దాదాపు మూడో వంతు. టెథిస్ వ్యాసం సుమారు 1,060 కి.మీ. అయితే, దాని మీది ఒడిస్సియస్ బిలం 400 కి.మీ.కు మించినది. కాలిస్టోపై వల్హల్లా అనే తాకిడి ప్రదేశం చుట్టూ ఏర్పడిన వలయాలు సుమారు 3,800 కి.మీ. మేర పరచుకొని ఉన్నాయి.

మంచు గట్టిదే అయినా యుగాల కాలంలో మెల్లగా జారుతుంది. అందువల్ల పాత బిలాల అంచులు కుంగి, అడుగులు ఉబ్బి, చివరకు లేతరంగు మచ్చ మాత్రమే మిగలవచ్చు. గానిమీడ్‌పై ఉన్న ఇటువంటి మచ్చలను పాలింప్సెస్టులు అంటారు. పాత రాతను చెరిపి మళ్లీ రాసిన తోలుపత్రానికి గ్రంథశాస్త్రంలో ఉన్న పేరే అది.

ఒక నేల వయసును అంచనా వేయడానికి శాస్త్రజ్ఞులు బిలాలను లెక్కపెడతారు. బిలాలు ఎక్కువైతే నేల పాతది, తక్కువైతే కొత్తది. ఎన్సెలాడస్ ఉత్తరభాగం బిలాలతో నిండి ఉంది. నీటియావిరి చిమ్మే పగుళ్లున్న దక్షిణధ్రువ ప్రాంతంలో అవి దాదాపు కనిపించవు. యూరోపాపై పెద్ద బిలాలు చాలా తక్కువ. దాని ఉపరితలం వయసు కొన్ని కోట్ల సంవత్సరాలే అని అంచనా. ఇటువంటి వాదాల్లో ఏ బిలం గురించి మాట్లాడుతున్నారో అందరికీ ఒకేలా తెలియాలి. పేరు అవసరమయ్యేది ఇక్కడే.

3. పేరు పెట్టే క్రమం

చంద్రబిలాలకు పండితుల పేర్లు పెట్టే పద్ధతిని రిచ్చోలి 1651లో ప్రచురించిన గ్రంథం స్థిరపరిచింది. తరువాతి కాలంలో ఒకే బిలానికి వేరువేరు పటాల్లో వేరువేరు పేర్లు కనిపించి గందరగోళం పెరిగింది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఈ బాధ్యతను స్వీకరించింది. గ్రహమండల నామకరణ కార్యవర్గం 1973లో ఏర్పడింది. ఆమోదం పొందిన పేర్ల పట్టికను అమెరికా భూవిజ్ఞాన సర్వే నిర్వహిస్తుంది.

వాయేజర్ నౌకలు 1979-1989 మధ్య పంపిన చిత్రాలతో ఒక్కసారిగా వందల కొద్దీ పేర్లు కావలసివచ్చాయి. అందుకే ప్రతి ఉపగ్రహానికీ ఒక ఇతివృత్తం నిర్ణయించారు. మిమాస్‌కు ఆర్థర్ రాజు గాథలు, టెథిస్‌కు ఒడిస్సీ, డయోన్‌కు ఈనియడ్, ఎన్సెలాడస్‌కు వేయిన్నొక్క రాత్రుల కథలు, ఒబెరాన్‌కు షేక్‌స్పియర్ నాటకాలు. రియాకు ఆసియాకు ప్రాధాన్యమిస్తూ సృష్టిపురాణాలు. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. మిమాస్‌ను 1789లో కనుగొన్నది విలియం హెర్షెల్ కనుక దాని పెద్ద బిలానికి ఆయన పేరే దక్కింది.

కొత్త పేరు కావలసిన పరిశోధకుడు తన పరిశోధనకు ఆ ప్రదేశం ఎందుకు ముఖ్యమో చూపి ప్రతిపాదిస్తాడు. సంబంధిత ఉపసంఘం పరిశీలిస్తుంది, కార్యవర్గం ఓటు వేస్తుంది. పేరు సరళంగా, ఒకే అర్థంతో ఉండాలి. వ్యక్తి పేరైతే ఆ వ్యక్తి మరణించి కనీసం మూడేళ్లు గడవాలి. రాజకీయ, సైనిక, మతప్రాధాన్యం గల పేర్లను నియమాలు అనుమతించవు. పందొమ్మిదో శతాబ్దానికి ముందటి రాజకీయ వ్యక్తులకు మాత్రం మినహాయింపు ఉంది. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో పట్టికలో నమోదవుతుంది. ఆ ఒక్క పంక్తి చాలా విలువైనది.

4. అకూపారం, రేవతి, రాయదుర్గం

నెప్ట్యూన్ ఉపగ్రహం ట్రైటాన్‌కు నిర్ణయించిన ఇతివృత్తం, గ్రీకు, రోమన్ పురాణాలను మినహాయించి, నీటికి సంబంధించిన పేర్లు. అందువల్ల అక్కడి కొన్ని పగుళ్లకు యమునా నది పేరు, కొన్ని మచ్చలకు అకూపారం అనే తాబేలు పేరు వచ్చాయి. ఇవి బిలాలు కావు కానీ నియమం ఒక్కటే. మహాభారత వనపర్వంలోని ఇంద్రద్యుమ్నుని కథలో అకూపారం కనిపిస్తుంది. తన కీర్తిని మరిచిపోయారన్న కారణంతో స్వర్గం నుంచి జారిన రాజు తన్ను ఎరిగినవారి కోసం వెతుకుతాడు. మార్కండేయునికీ, గుడ్లగూబకూ, కొంగకూ తెలియని అతని పేరును తాబేలు గుర్తుపడుతుంది. రాజు తిరిగి స్వర్గం చేరుతాడు. పేరును గుర్తుంచుకొన్న ప్రాణి పేరే ఇప్పుడు ఆకాశపటంలో ఉండడం విశేషం.

ప్లూటో ఉపగ్రహం చారన్‌పై ఒక బిలానికి 2018లో రేవతి పేరు ఆమోదం పొందింది. దానికి మూలంగా మహాభారతాన్ని పేర్కొన్నారు. తండ్రితో బ్రహ్మలోకానికి వెళ్లి వచ్చేలోగా భూమిపై యుగాలు గడిచిపోయిన కథ అది. తెలుగు పాఠకులకు ఈ కథ ఎక్కువగా పోతన భాగవత నవమస్కంధం ద్వారా పరిచితం. విష్ణుపురాణంలోనూ, భారతానికి ఖిలభాగమైన హరివంశంలోనూ ఇది ఉంది. ఏ గ్రంథాన్ని ఆధారంగా చూపాలన్నది సాహిత్య పరిశోధకులు తేల్చగల ప్రశ్న. ఖగోళశాస్త్రజ్ఞులకు వారి సహాయం ఇక్కడ అవసరం.

అంగారకునిపై నియమం వేరు. అక్కడ చిన్న బిలాలకు లక్ష లోపు జనాభా గల ఊళ్ల పేర్లు పెడతారు. అనంతపురం ప్రాంతంలోని రాయదుర్గం ఆ విధంగానే అంగారక పటంలో చేరింది. ఆ ఊరిని స్మరించడం ఉద్దేశం కాదని, ఊళ్ల పేర్లు కేవలం పేర్ల నిధి అని నియమావళి స్పష్టంగా చెబుతుంది. 2011 జనగణనలో రెండు లక్షలు దాటిన రామగుండానికి ఆ అర్హత లేదు, మంథని వంటి చిన్న ఊరికి ఉంది. ఊరి ఘనతకూ, పేరు రావడానికీ సంబంధం లేదని దీనివల్ల తేలుతుంది.

5. గోదావరి లోయలో శిలల పేర్లు

భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. ప్రాణహిత-గోదావరి లోయపై ఆయన గ్రంథం 1881లో వెలువడింది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరు 1920లో ఏర్పడిన సంస్థకు వచ్చింది. అయితే గోదావరిఖనిలో తవ్వే బొగ్గు ఉన్న పొరల శాస్త్రీయనామం ‘బరాకర్’. అది జార్ఖండ్, పశ్చిమ బెంగాల్‌ల మీదుగా పారే నది పేరు. దాని కింది ‘తాల్చీర్’ పొర పేరు ఒడిశాది. ఒక రకం శిలను మొదట ఎక్కడ వర్ణించి అచ్చువేశారో ఆ చోటి పేరే నిలుస్తుంది. సంపద ఎక్కడ ఎక్కువన్నది లెక్కలోకి రాదు.

ఇదే నియమం ఈ లోయ పేర్లనూ బయటికి తీసుకువెళ్లింది. ప్రాణహిత ఒడ్డున సిరోంచ సమీపంలోని కోట గ్రామం ఒక జురాసిక్ శిలాసముదాయానికి, మలేరి ఒక ట్రయాసిక్ శిలాసముదాయానికి పేర్లిచ్చాయి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి వద్ద దొరికిన రాక్షసబల్లి ఎముకలను పి. యాదగిరి 1988లో ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’ అని వర్ణించారు. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. పేరు చివరనున్న ‘ఎన్సిస్’ అంటే ‘ఆ ఊరిది’ అని అర్థం.

అన్నిటికంటే దూరం వెళ్లిన పేరు గోండ్వానా. మెడ్లికాట్ 1872లో గోండుల నేల పేరును ఈ శిలలకు వాడినా, అది అచ్చులో ప్రవేశించింది 1876లో ఫైస్ట్‌మాంటెల్ రచనతో. తరువాత ఎడ్వర్డ్ స్యూస్ దాన్ని ఒక ప్రాచీన మహాఖండానికి విస్తరింపజేశాడు. గోండుల పేరు లోకమంతా వ్యాపించింది కానీ, ఆ పేరు వెనుక ఉన్న ప్రజల కథలు దానితో పాటు వెళ్లలేదు.

6. తెలుగు పరిశోధకుల ముందున్న పని

రియాకు నిర్ణయించిన ఇతివృత్తం ఇక్కడ ప్రస్తావనార్హం. ఆదిలాబాద్ గోండుల పురాణగాథలను, వారి ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ కథతో సహా, హైమెన్‌డార్ఫ్ 1948లో వెలువడిన గ్రంథంలో నమోదు చేశాడు. సృష్టిపురాణాలు, ఆసియా, అచ్చయిన ఆధారం అనే మూడు షరతులకూ ఈ గాథలు సరిపోతాయి. అయితే లింగాల్ గోండులకు నేటికీ పూజ్యుడు. మతప్రాధాన్యం గల పేర్లపై ఉన్న నిషేధం ఇక్కడ ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించాలి. ఆ జాతిని అడగకుండా వారి పేరును తీసుకోవడం గోండ్వానా విషయంలో జరిగినదాన్నే మళ్లీ చేయడమవుతుంది. గాథలను సొంత భాషలో సేకరించడం, పాఠాంతరాలను పరిష్కరించడం, పేర్ల ఉచ్చారణను సరిగా నమోదు చేయడం, గోండు పెద్దల సమ్మతి పొందడం ముందు జరగవలసిన పనులు. ఇవి భాషాసాహిత్య శాఖల్లో జరగగల పనులు.

7. ముగింపు

1. మంచు ఉపగ్రహాలపై బిలాల సంఖ్య, ఆకృతి ఆ నేలల వయసునూ లోపలి స్వభావాన్నీ తెలుపుతాయి. ఆ చర్చకు అవసరమైనప్పుడే పేరు పుడుతుంది.

2. ఆకాశంలోనైనా గోదావరి లోయలోనైనా పేరును నిలబెట్టేది తొలి వర్ణన, అచ్చయిన ఆధారం, పండితుల ఆమోదం.

3. అకూపారం, రేవతి పేర్లు సాహిత్య మూలాల ద్వారా వచ్చాయి. మూలాన్ని సరిగా చూపే బాధ్యత సాహిత్య పరిశోధకులది కూడా.

4. బరాకర్, కోట, గోండ్వానా పేర్ల చరిత్రను బొగ్గు ప్రాంతపు కళాశాలల్లో బోధిస్తే విద్యార్థికి తన కాళ్ల కింది నేలా, దూరపు ఉపగ్రహమూ ఒకే శాస్త్రపద్ధతిలో అర్థమవుతాయి.

5. ఇంద్రద్యుమ్నుని నిలబెట్టినది అతని పేరును ఎరిగిన ఒక్క సాక్షి. మౌఖిక గాథలకు అటువంటి సాక్ష్యం కాగలిగింది జాగ్రత్తగా పరిష్కరించి, ఆ ప్రజల సమ్మతితో అచ్చువేసిన పాఠమే.