తేళ్ల ఉనికిపట్లు

తేలను పేరు వినినంతనే పలువురకు ఒడలు జలదరించును. చీకటిలో అడుగిడుటకు జంకువారును, చెప్పులను దులిపి తొడిగికొనువారును మన పల్లెలలో ఎందరో కలరు. ఈ జంకు అకారణమైనది కాదు. కాని తేళ్లన్నియు ఒక్క తీరుననే ప్రమాదకరములని తలచుట పొరపాటు. ఏ తేలు ఎచ్చట నివసించునో, ఆ చోటునే ఏల కోరుకొనునో తెలిసినచో భయమునకు బదులు జాగరూకత కలుగును. ఈ సంగతులను కనుగొనుటకే జంతుశాస్త్రజ్ఞులు కొండలయందును బయళ్లయందును రేయింబవళ్లు శ్రమించుచున్నారు.

తేలు కీటకము కాదు. దానికి కాళ్లు ఎనిమిది. అది సాలెపురుగునకు చుట్టము. తేళ్లు 40 కోట్ల సంవత్సరములకు పూర్వమే జీవించియుండెనని శిలాజములు తెలుపుచున్నవి. నేడు 2,500కు మించిన జాతులు గుర్తింపబడినవి. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఇవి కలవు. మెక్సికో దేశపు గుహలలో 700 మీటర్లకు మించిన లోతున కన్నులు లేని తేళ్లు నివసించుచున్నవి. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములపై 4,000 మీటర్లకు మించిన ఎత్తునను తేళ్లున్నవి.

అయినను ఏ ఒక్క జాతియు అన్ని చోట్ల నుండదు. ప్రతి జాతికిని దానికి నచ్చిన నేల కలదు. ఆ నేలకు తగినట్లే దాని శరీరము అమరియుండును. మనవారు మండ్రగబ్బ యని పిలుచు నల్లని పెద్ద తేలు మట్టిలో బొరియ త్రవ్వుకొని నివసించును. త్రవ్వుటకును, ఎరను నలుపుటకును అక్కఱకు వచ్చు బలిసిన పట్టుకారులు దానికి కలవు. దక్షిణ ఆఫ్రికాలోని ఒక జాతి తేళ్లు రాతి నెఱియలలో దూరి బ్రదుకును. వాని శరీరము అణచినట్లు పలుచగా నుండును. ఎడారి యిసుకలో నడచు జాతుల పాదములకు దువ్వెన పండ్లవంటి వెండ్రుకలు వరుసగా నుండును. అందువలన కాళ్లు ఇసుకలో దిగబడవు. ఎఱ్ఱతేలు వీనివలె లోతైన బొరియను కోరదు. రాళ్ల క్రిందను, గోడ పగుళ్లలోను, కట్టెల మోపులలోను తలదాచుకొనును.

తేలునకు రెక్కలు లేవు. దూరప్రయాణము దానికి అలవాటు కాదు. తల్లి తన పిల్లలను వీపుపై మోయును. అవి మొదటి కుబుసము విడిచిన కొలది దినములకు వీపు దిగి, సాధారణముగా ఆ పరిసరములలోనే స్థిరపడును. అందుచేత ఒక గుట్టను పగులగొట్టి చదును చేసినచో, అచ్చటి తేళ్లు మఱియొక గుట్టకు వలసపోవుట అరుదు. మానవుడు తెలియక మోసికొనిపోయినప్పుడు మాత్రము అవి సముద్రములను సైతము దాటగలవు. ఇంగ్లండులోని షీర్‌నెస్ రేవునందలి పాత గోడల పగుళ్లలో దక్షిణ ఐరోపాకు చెందిన తేళ్లు నేటికిని కాపురమున్నవి. అవి ఓడలపై వచ్చిన సరకులతోపాటు చేరినవని పండితుల తలంపు.

తేళ్లు పగలు దాగియుండి రాత్రులందు వెలువడును. కావున వాని ఉనికిని పరిశీలించుట అంత సులభము కాదు. పరిశోధకులు ముందుగా నేలను చదరములుగా విభజింతురు. పగటివేళ ఆ చదరములోని రాళ్లను ఒక్కొక్కటిగా ఎత్తి చూచి, మరల యథాస్థానమున నుంతురు. రాయి తలక్రిందైనచో దాని నీడలోని చల్లదనము పోయి, అచ్చటి ప్రాణులకు నిలువ నీడ లేకుండును. రాత్రివేళ అతినీలలోహిత కిరణములను వెదజల్లు దీపమును చేతబట్టి నడతురు. ఆ కిరణములు సోకగానే తేలు పచ్చని వెలుగుతో మెఱయును. దాని పైపొరలోని కొన్ని పదార్థములే ఇందుకు కారణము. ఈ విశేషము 1954లో శాస్త్రపత్రికలలో ప్రకటింపబడినది. అప్పుడే కుబుసము విడిచిన తేలు మాత్రము ఇట్లు మెఱయదు.

కనిపించిన ప్రతి తేలు విషయమున జాతి, మట్టి రకము, తేమ, ఉష్ణోగ్రత, సముద్రమట్టమునుండి ఎత్తు మున్నగునవి వ్రాసికొందురు. వెన్నెల రాత్రులలో పెక్కు జాతులు బయటికి వచ్చుటకు జంకును. అందుచేత ఒక రాత్రి కనబడనంత మాత్రమున ఆ చోట తేళ్లు లేవని తీర్మానింపరాదు. వేసవియందును వానకాలమునందును మరల మరల వెదకిన పిమ్మటనే పటము పూర్తియగును.

ఇంత శ్రమ ఎందులకు? ప్రాణములను కాపాడుటకు. చూపులకు భయంకరమైన మండ్రగబ్బ కుట్టినచో బాధ కలుగునే కాని, ప్రాణాపాయము అరుదు. సన్నని పట్టుకారులు గల చిన్న ఎఱ్ఱతేలు విషమే గుండెను దెబ్బతీయును. మహారాష్ట్రలోని కొంకణ తీరమున ఈ తేలు కాటువలన పూర్వము ఎందరో పిల్లలు మరణించిరి. అచ్చటి మహాడ్ ప్రాంతమున పనిచేసిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ రోగుల లక్షణములను ఓపికతో పరిశీలించి, 1980 దశకమున ప్రాజోసిన్ అను మందును వాడి వారిని బ్రదికింపవచ్చునని చూపెను. 2022లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. ఎఱ్ఱతేలు మన రాయలసీమలోను కలదు. అది ఏ యే ప్రాంతములనున్నదో ముందుగా తెలిసినచో, అచ్చటి వైద్యశాలలలో తగిన మందులను సిద్ధపఱచియుంచవచ్చును.

తేలు కావలెనని మనిషిని వెదకి కుట్టదు. దాని చోటున మన చేయి గాని కాలు గాని పడినప్పుడే కుట్టును. కావున రాళ్లకుప్పలోనికి వట్టిచేతులు చొనుపరాదు. కట్టెలను ఇంటి గోడకు ఎడముగా పేర్చవలెను. రాత్రివేళ దీపము లేక నడువరాదు, నేలపై పరుండరాదు. తేలు కుట్టినచో మంత్రములతో కాలము గడుపక వెంటనే వైద్యశాలకు పోవలెను. పిల్లలకు చెమటలు పట్టి, కాలుసేతులు చల్లబడి, వాంతులగుచున్నచో ఒక్క గడియయైనను ఆలస్యము చేయరాదు.

బొద్దింకలను, పురుగులను తిని బ్రదుకు తేలు ప్రకృతిలో తన పని తాను చేయుచున్నది. దాని ఇల్లు ఎచ్చటనో తెలిసికొని మసలుకొనుట మన పని.